పిట్ట చదువు, కాకి కొమ్మ

చెట్ల చప్పుళ్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది ఓ వడ్రంగిపిట్ట. చదువు నేర్పిన గురువుగారి దగ్గరే కొలువు చేద్దామంటే, ఆయన మానులో తొర్ర ఒక్కటే, అందులో గురువుగారే ఉన్నారు. చేసేది లేక పని వెతుక్కుంటూ బయల్దేరింది.

గూడు కట్టుకుంటున్న కాకి ముందు వాలి తన చదువంతా ఏకరువు పెట్టింది.

"అదంతా నాకెందుకే? గుడ్లు పెట్టే వేళయింది, తప్పుకో!" అని కసిరింది కాకి.

పిట్ట తల వంచుకుని, అలవాటు కొద్దీ కొమ్మను టకటకా పొడిచి, ఆ చప్పుడుకి ఉలిక్కిపడింది. "పిన్నీ, ఈ కొమ్మ లోపలంతా డొల్ల! గాలివానకి విరుగుతుంది. ఆ పైకొమ్మ గట్టిది."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అంటూ కాకి పుల్లలన్నీ పైకి మార్చుకుంది. ఆపైన పిట్ట చేసిన మేలు అడవంతా వినేలా అరిచి చెప్పింది.

మర్నాడు ఓ పావురం పిలిచి, "ఏం చదివావమ్మా?" అని అడిగింది.

"అది తర్వాత చెప్తాను. ముందు మీ కొమ్మ చూడనివ్వండి," అంది వడ్రంగిపిట్ట.