పెద్దదైన మచ్చ

"పెద్దగైందా మేడమ్?" అని అడిగాడు ఫూల్‌సింగ్.

డాక్టర్ దేవిక మరోసారి కంప్యూటర్ వైపు చూసింది. తెర మీద రెండు స్కాన్లు పక్కపక్కనే ఉన్నాయి. మందు మొదలుపెట్టకముందు తీసినదాంట్లో కుడి ఊపిరితిత్తిలో మచ్చ నిమ్మకాయంత ఉంది. ఇవాళ్టి దాంట్లో బత్తాయంత ఉంది.

"అయింది" అందామె.

వెనక కుర్చీలో ఉన్న రంగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆలుమగలిద్దరూ మఠంపల్లి దగ్గరి తండా నుంచి సూర్యాపేటలోని ఈ ఆసుపత్రికి కొత్త మందు కోసం వస్తున్నారు. పరిశోధనలో భాగంగా దాన్ని ఉచితంగా ఎక్కిస్తున్నారు. అదెలా పనిచేస్తుందో దేవిక మొదట్లోనే వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో రోగాన్ని పట్టి చంపే కాపలా కణాలుంటాయి. అవి దగ్గరికి రాగానే ఈ కాన్సర్ గడ్డ 'నేనూ మీవాణ్ణే' అన్నట్టు ఒక గుర్తు చూపిస్తుంది. అవి నమ్మి ఊరుకుంటాయి. మందు ఆ గుర్తును అడ్డుకుంటుంది, అంతే. చంపాల్సింది మాత్రం ఆ కణాలే.

"అంటే నా ఒంట్ల ఉన్న కాపలాయి నిద్ర లేవనే లేదన్నట్టు" అన్నాడు ఫూల్‌సింగ్.

"ఇప్పుడే అలా అనుకోవద్దు. సూదితో ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

"ఎందుకు మేడమ్? కండ్లకు కనవడ్తనే ఉంది గద. ఇగ మందు బంద్ చేయుండ్రి. ఇంటికాడ ఉంట."

"నువ్వు జర ఊకో" అని కసిరింది రంగి. "తియ్యుండ్రి మేడమ్. గింత దూరం వచ్చినం. గదొక్కటి సూస్తే ఏం పోతది?"

ఆమె మాట తీసెయ్యలేక ఫూల్‌సింగ్ సూదికి ఒప్పుకున్నాడు. ఫలితం రాగానే ఫోన్ చేస్తానంది దేవిక.

తండాకు వచ్చాక అతనికి ఉన్నట్టుండి ఆకలి పెరిగింది. ఒక రోజు పొద్దున జొన్నరొట్టె తిని, ఇంకోటి అడిగాడు. దగ్గు కూడా నెమ్మదించింది. రంగి మొహం విప్పారింది.

"మురవకు" అన్నాడతను. "ఆరిపోయే దీపం గిట్లనే మండుతది. మా నాయన గూడ పోయే ముందు మాంసం కూర వండిచ్చుకొని తిన్నడు."

రంగి చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"తానం చేసి చీర మార్చుకో. కోదాడ పోయొద్దాం" అన్నాడు మళ్ళీ.

ఆమె నమ్మలేనట్టు చూసింది. కోదాడలో ఉన్నది అతని తమ్ముడు భీమ్లా. అన్న బోరు పక్కనే తనూ బోరు వేయించాడని ఇద్దరికీ గొడవైంది. చేలో మొదలైన తిట్లు తండా నడుమ దాకా వచ్చాయి. ఆ ఏడే భీమ్లా పొలం సాగు చేయకుండా పడావు పెట్టి, కోదాడలో టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. జబ్బు సంగతి కూడా అతనికి చెప్పనివ్వలేదు ఫూల్‌సింగ్.

వీళ్ళు వెళ్ళేసరికి భీమ్లా ట్రాక్టర్ టైరు విప్పుతున్నాడు. తలెత్తి చూసి, చేతిలో పానా కింద పెట్టాడు. ముందు గుర్తు పట్టలేదు. గుర్తు పట్టగానే లేచి ఎదురొచ్చాడు.

"ఇట్లా అయిపోయావేంటన్నా?"

"నా పని ఖతమైంది తమ్మీ. ఊపిరితిత్తుల కాన్సర్. మందు గూడ పట్టలేదు. రెండు బోర్లు నువ్వే సూస్కో. మీ వదినకు నువ్వే దిక్కు. గీ మాట సెప్పి పోదామని వచ్చిన."

"బోర్లు ఎవడిక్కావాలి?" అన్నాడు భీమ్లా. "ఒక్క ఫోన్ చేస్తే వచ్చి నీ కాడ పడుండేవాణ్ణి కదా. ఒక్కడివే ఆసుపత్రుల చుట్టూ తిరిగావా?"

"వదిన ఉంది గద."

భీమ్లా మసి చేతులతోనే అన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. ఫూల్‌సింగ్ తమ్ముడి భుజం మీద తల ఆనించాడు. రంగి అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆమె చేతిలో ఫోన్ మోగింది.

"దేవిక మేడమ్" అంది భయంగా.

"ఎత్తకు. తెలిసిందే గద" అన్నాడు ఫూల్‌సింగ్.

భీమ్లా ఫోన్ అందుకుని స్పీకర్ పెట్టాడు.

"ఫూల్‌సింగ్ గారూ, ఫలితం వచ్చింది. తిండి తింటున్నారా?"

"మస్తు తింటున్న మేడమ్. ఆఖరుకు గిట్లనే ఉంటది గద."

"చాలా కొద్దిమందిలోనే ఇలా అవుతుంది. అందుకే ఆ రోజు నేను ఆశ పెట్టలేదు. మచ్చ ఎంత ఉందో స్కాన్ చెబుతుంది గానీ, అందులో ఏముందో చెప్పలేదు."

"ఏముంది మేడమ్ దాంట్లో?" అని అడిగాడు భీమ్లా.

"గడ్డను చంపడానికొచ్చి గుంపుకట్టిన కాపలా కణాలు. మచ్చ ఉబ్బింది వాటివల్లే."