అంగిట్లో చిలక

అందరి అంగిళ్లలోనూ చిలక చేరి చాలాకాలమైంది. చిలకంటే మెంతిగింజంత పరికరం. ఊరికే ఉన్నప్పుడు నాలుక అంగిటికి ఆనుకుని, పెదవులు మూసుకుని ఉంటేనే పళ్లు వరసగా నిలుస్తాయట. నాలుక జారినా, నోరు తెరుచుకున్నా అది కిచకిచలాడి నలుగురిలో పరువు తీస్తుంది. మాట్లాడటానికి అడ్డేమీ లేదు గానీ, మాటయ్యాక నాలుక స్వస్థానం చేరడం కాస్త ఆలస్యమైతే మళ్లీ కూత. ఎందుకొచ్చిన గొడవని అమలాపురం జనం మాటలే తగ్గించేశారు.

ఆవకాయ పెట్టిన మూడోనాడు మంగతాయారు దాన్ని తిరగకలిపి, వేడన్నంతో ముద్ద చేసి భర్త నరహరి చేతిలో పెట్టింది.

"ఉప్పు సరిపోయిందాండీ?"

కారానికి నరహరి కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవులు బిగించి తలూపాడు. ఇంకో ముద్ద తిన్న అత్తగారూ అలాగే తలూపింది. తనూ ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, లొట్టలేస్తే చిలక కూస్తుందని చప్పరించకుండానే మింగేసి, జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టేసింది మంగతాయారు.

నెల తిరక్కుండా వాసెన విప్పితే తెల్లగా బూజు. ఏడాది ఊరగాయ మట్టిపాలు!

"నేనా రోజే అనుకున్నా, ఉప్పు చాల్లేదని!" నోరు బార్లా తెరిచి అరిచాడు నరహరి.

"మరి నోరు విప్పి చెప్పొచ్చుగా!" అనబోయి ఆగిపోయింది మంగతాయారు. చిలక గోలపెడుతున్న ఆ నోట్లో పళ్లు ముత్యాలు పేర్చినట్టున్నాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో వాటిని నిండుగా చూడటం అదే మొదలు.

"ఎంత బావున్నాయండీ!" అంది.

నరహరి చటుక్కున నోరు మూసుకున్నాడు.