ఎర్రసిరాతో ఏడు తప్పులు

“చదవండి. ఒకటో నంబరు నుంచి చదువుకుంటూ రండి” అంది టీచరు.

గిటార్లు బాగుచేసే మెకానిక్ కళ్ళజోడు సర్దుకున్నాడు. బల్ల మీద ఎలక్ట్రిక్ గిటారు, దాని మీద ఓ రూళ్ళ కాగితం, కాగితం నిండా ఎర్రసిరా. వచ్చినావిడకి యాభై దాటి ఉంటాయి. చేతిసంచీలోంచి పరీక్ష పేపర్ల కట్ట తొంగిచూస్తోంది.

“ఒకటి, ఆన్ చెయ్యగానే గరగర. రెండు, లావు తీగ జుయ్యిమంటుంది. మూడు, పైస్థాయికి పోయేకొద్దీ శ్రుతి తప్పుతుంది, రోజూ ఒకే చోట...” చదువుతూ ఆగాడు. ఇరవై ఏళ్ళుగా ఈ కొట్టుకి వచ్చేవాళ్ళంతా ‘ఏదోలా ఉంది, చూడండి’ అని పడేసి పోయేవాళ్ళే.

“మీ చెవి గట్టిదండీ.”

“ఏడు నెలలు వింటే ఎవరి చెవైనా గట్టిపడుతుంది. రోజూ ఆరింటి నుంచి ఏడున్నర దాకా.”

“ఒక్కరోజు కూడా మానకుండానా?”

“ఆదివారాలు రెండు పూటలా” అంది టీచరు నీరసంగా.

మెకానిక్ మనసు మెత్తబడింది. వెనక గోడకి వేలాడుతున్న గిటార్లలో సగం, మూడు నెలలకే చేతులెత్తేసిన కుర్రాళ్ళు వదిలేసి పోయినవి. ఈ వయసులో, బడి నుంచి అలిసి వచ్చి, గంటన్నర సాధన.

“ఏం పాటండీ?”

టీచరు సన్నగా కూనిరాగం తీసింది. సగంలో టక్కున ఆగింది. “ఇక్కడ ఆగిపోతుంది. మళ్ళీ మొదటికొస్తుంది. అదే ఏడో నంబరు.”

ఏడో నంబరు కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. ‘పాట ఎప్పుడూ పూర్తి కాదు.’

అతను నవ్వి, గిటారుని కంటికి ఎదురుగా ఎత్తి మెడ వారగా చూశాడు. నవ్వు పోయింది. “మెడ వంగిపోయిందండీ. తీగలు ఇంత ఎత్తున లేస్తే వేలు ఆనేదెలా? ఆగిపోక ఏం చేస్తుంది? ఇందులో సగం తప్పు గిటారుదే.”

“మిగతా సగం?”

“చేతిది. ఇంకో మూడు నెలలు సాధన చేస్తే అదే పోతుంది.”

టీచరు మనసులో ఏదో లెక్క వేసుకుంది. “మూడు నెలలంటే ఓర్చుకోవచ్చు. గురువారం మధ్యాహ్నానికి ఇచ్చెయ్యాలి మీరు. ఆయన ఊరెళ్ళారు, సాయంత్రానికి దిగుతారు. ఆ లోపల ఇది ఎక్కడిదక్కడ ఉండాలి.”

“ఆయనకి తెలీదా?”

“తెలిస్తే నొచ్చుకుంటారు. మొక్కలకి నీళ్ళు పొయ్యమని మరీ మరీ చెప్పి వెళ్ళారు. గిటారు సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు.” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “ఇది బాగవకపోతే నేను ఇల్లు మారక తప్పదండీ. పదకొండేళ్ళుగా ఉంటున్న ఇల్లు.”

మెకానిక్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గిటారు మూలంగా గడప దాటే దాకా వచ్చిందా వ్యవహారం?

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్యకి చెప్పి, “ఎలాంటి మనుషులుంటారో చూడు” అన్నాడు.

“పెళ్ళైన కొత్తలో నేను పాడుతుంటే కిటికీలు మూసింది ఎవరో?” అందావిడ, కూర వడ్డిస్తూ.

అతను తల వంచుకుని తిన్నాడు. మర్నాడు గంట ముందే కొట్టు తెరిచాడు.

మెడ లోపలి కడ్డీని పావు చుట్టు, పావు చుట్టు చొప్పున బిగించి, మధ్య మధ్య ఆగి చూసుకున్నాడు. ఊడిన వైరు అతికించాడు. సన్నతీగలు కొత్తవి వేసి, కిందికి దించి, ఒక్కొక్కదాన్నీ పై నుంచి కింది దాకా శ్రుతి చూశాడు. అన్నీ అయ్యాక మెడ మీది తొమ్మిదో మెట్టు దగ్గర మళ్ళీ జుయ్యిమంది. ఇంకొకరిదైతే సరిపెట్టేసేవాడే. తీగలన్నీ విప్పి, వెంట్రుకవాసి లేచిన ఆ మెట్టుని అరగదీసి, మళ్ళీ మొదటి నుంచి చేశాడు.

గురువారం ఒంటిగంటకి టీచరు వచ్చింది. అతను గిటారు ఒళ్ళో పెట్టుకుని ఆ పాటే ఎత్తుకున్నాడు. రోజూ ఆగే చోటు వచ్చింది. టీచరు ఊపిరి బిగబట్టింది. పాట ఆగలేదు, మెత్తగా దాటి చివరికంటా వెళ్ళింది.

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. “ఇది ఇంత మంచి పాటా? దీనికి చివర కూడా ఉందా?”

“మీరొకసారి వాయించి చూసుకోండి.”

“నేనా? అబ్బే, వద్దండీ.”

“సిగ్గెందుకు? నేను అటు తిరుగుతాను” అని నిజంగానే గోడవైపు తిరిగాడు. ఎంతసేపటికీ చప్పుడు లేదు. గోడతోనే చెప్పడం మొదలుపెట్టాడు. “నేనూ ఒకప్పుడు అలాంటివాణ్ణేనండీ, అందుకే అంటున్నా. మనిషి ముచ్చటపడి నేర్చుకుంటుంటే ఇల్లు వదిలే దాకా తెస్తారా ఎవరైనా? ఆయన నంబరు ఇవ్వండి. నేను నచ్చజెబుతా. యాభై దాటాక నేర్చుకుంటే తప్పేమిటని అడుగుతా.”

వెనక సంచీ జిప్పు సగంలో ఆగింది. తిరిగి చూస్తే, లెక్కంతా సరిగ్గా చేసి ప్రశ్న తప్పు దించుకున్న పిల్లాణ్ణి చూసినట్టు చూస్తోంది టీచరు. పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

“వాయించేది మా పైవాటా ఆయనండీ.”