జత చేసిన బల్ల

బెల్ కొట్టగానే పెద్దావిడ తలుపు తీసింది.

"రామ్మా. కాఫీ కలపనా?"

"తాగే వచ్చాను."

వచ్చినామె చెప్పులు విప్పి లోపలికొచ్చి, సంచీలోంచి టేపు, టార్చి, భూతద్దం తీసింది. పాత చెక్కసామాను బాగుచేయడం, వాటికి వెల కట్టడం ఆమె వృత్తి. ఎనిమిదేళ్లుగా అదే పని.

హాల్లో ఓ మూల పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ల కాపురం తర్వాత ఆ ఇద్దరూ విడిపోతున్నారు. సామాను పంపకానికి ఇద్దరికీ నమ్మకమున్న మనిషి కావాలన్నాడు లాయరు. తనే ముగ్గురి పేర్లు చెప్పాడు. పెద్దాయన సరేనన్నవాణ్ని ఆవిడ కాదంది. ఆవిడ సరేనన్నవాళ్లని ఆయన కాదన్నాడు. చివరికి ఇద్దరి మాటా కలిసింది ఈమె దగ్గరే.

ఒక్కో వస్తువూ చూసి, వెల చెప్పి, లాయరిచ్చిన ఫారంలో ఎక్కిస్తూ పోయింది. బీరువా ఆవిడకి. రాతబల్ల ఆయనకి. భోజనాల బల్ల ఆవిడకి, దాని చుట్టూ ఉన్న ఆరు కుర్చీల్లో మూడు ఆయనకి. మూడు కుర్చీలతో ఆయనేం చేసుకుంటాడో ఎవరూ అడగలేదు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఏదున్నా ఆమెతోనే.

కిటికీ పక్కనున్న చిన్న బల్ల దగ్గర పని ఆగిపోయింది.

"అది నాదమ్మా. పాత సామాన్ల కొట్టంతా గాలించి ఏరుకున్నాను," అంది ఆవిడ.

"నాలుగంతస్తులు మోసుకొచ్చిందెవరో కూడా అడుగు," అన్నాడాయన పేపరు వెనకనుంచి. "నడుం ఇప్పటికీ పట్టేస్తోంది."

ఆమె బల్లను తిరగేసింది. సొరుగు లాగి మూలలు చూసింది. పలకలు వేళ్లు పెనవేసుకున్నట్టు ఒకదాన్లో ఒకటి దిగి ఉన్నాయి. ఆ అంచుల్లో ఏ రెండు పళ్లూ ఒక్క కొలతలో లేవు. చేత్తో కోసినవే. తర్వాత పైపలక అడుగుకి టార్చి వాల్చి పట్టుకుంది. అక్కడ మిషన్ రంపం గీతలు, వంపు తిరిగి, వరసగా.

"కాళ్లూ సొరుగూ రోజ్‌వుడ్. నూరేళ్లు దాటి ఉంటాయి. పైపలక టేకు. అంత పాతది కాదు, వేరే బల్లది. ఎవరో రెండింటినీ జత చేసి ఒకటే రంగు పూశారు."

"అయితే నకిలీ సరుకా?" ఆవిడ మొహం చిన్నబోయింది.

"అని కాదు. పాతదన్న ధర రాదు. అంతే."

ఆయన పేపరు దించాడు. "విడదీస్తే?"

"విడదీయొచ్చు. పాత సరేసు జిగురు, ఆవిరి పట్టిస్తే ఊడొస్తుంది. విడదీశాక మాత్రం రెండూ వంటచెరకే."

ఆమె గొంతులో ఏ తేడా లేదు. ధర రాసుకుంది. టార్చి ఇంకాస్త లోపలికి పట్టింది.

"అడుగున రంగు పెన్సిల్ గీతలున్నాయి. లోపాల కింద రాస్తున్నాను. గరుకు కాగితం పట్టి పాలిష్ వేస్తే పోతాయి. వేయించమంటారా?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆవిడ కిటికీ రెక్క దగ్గరగా వేసి, మళ్లీ తెరిచింది.

"ఎవరి పేర రాయమంటారు?"

"ఆవిడకే రాయి."

"నాకొద్దు. ఆయన్నే ఉంచుకోమను."

ఇందాక నాదంటే నాదన్న బల్ల ఇప్పుడు ఇద్దరికీ బరువైంది.

మళ్లీ ఆవిడే అంది, "పోనీ నువ్వు తీసుకెళ్లరాదూ?"

"వెల కట్టినవాళ్లు తీసుకోకూడదమ్మా. రూలు."

'అమ్మకానికి' అని రాసింది. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉన్నట్టుగా ఉంది ఒళ్లంతా.

ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది. ఇక తను నింపాల్సిన గడి ఒక్కటే మిగిలింది.

'యజమానులకు మీరేమవుతారు?' అన్న ప్రశ్న ఎదురుగా ఆమె ఒక్క ముక్క రాసింది: కూతురు.