పుస్తకంలో మేరీ

"ఆ పిల్ల అసలు పేరు చెప్పడం కుదరదు తమండా. పరిశోధనలో పిల్లల పేర్లు దాచి తీరాలి," అంది ప్రొఫెసర్ ఇన్‌గ్రిడ్.

తమండా కదలలేదు. ఆఫ్రికాలోని మలావీ నుంచి కెనడాలోని విన్నిపెగ్‌కి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. చలికోటు కూడా విప్పకుండా కుర్చీ అంచున కూర్చుంది. ఒళ్ళో ఇన్‌గ్రిడ్ పుస్తకం. మలావీలో కంకర కొట్టే పిల్లల మధ్య ఇరవై రెండేళ్ళ కిందట ఏడాది పాటు గడిపి రాసిన పుస్తకం. ఆ పుస్తకమే ఇన్‌గ్రిడ్‌ను ఈ ప్రొఫెసర్ గదిలో కూర్చోబెట్టింది. అందులోని తొమ్మిదేళ్ళ మేరీ అంటే తెలియని విద్యార్థి లేడు.

"'మా చెల్లి నా వీపు మీద తప్ప నిద్రపోదు' అని మేరీ అందని రాశారు కదా! మీరక్కడున్న ఏడాదే, వరదలొచ్చినప్పుడు, మా అక్క ఎలుబే మా పిన్ని వెంట కంకర పనికి పోయింది. మళ్ళీ రాలేదు. నాకప్పుడు మూడేళ్ళు. అమ్మ ఇంకా వెతుకుతోంది. మేరీ మా ఎలుబే అవునో కాదో చెప్పండి, చాలు."

"నియమం ఒప్పుకోదమ్మా."

"ఎవరి నుంచి దాస్తున్నారు ప్రొఫెసర్? కన్నతల్లి నుంచా?"

ఇన్‌గ్రిడ్ చెవులు వేడెక్కాయి. పొద్దున తమండా అడిగినప్పటి నుంచీ ఆ పేరు కోసమే ఆమె తడుముకుంటోంది. ఎంత తడిమినా మేరీయే తగులుతోంది. ఎన్ని సభల్లో ఆ పిల్ల మాటలు చెప్పి అందరి కళ్ళూ తడిపింది! తనే పెట్టిన పేరు తప్ప మరొకటి గుర్తులేదని ఈ అమ్మాయితో ఎలా అనడం?

తమండా సంచిలోంచి ఓ కాగితం తీసింది. "నియమాల కమిటీ అనుమతి. తల్లి అడుగుతోంది కాబట్టి చెప్పొచ్చన్నారు."

ఇక సాకు లేదు. ఇన్‌గ్రిడ్ బీరువా తెరిచి, ఎర్రమట్టి మరకల నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఉంటుంది. నేను ఏదీ వదిలిపెట్టను," అంది, తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు.

చెల్లి మాట ఉన్న పేజీ దొరికింది. పిల్ల ఎత్తు, బరువు. ఊడిన పళ్ళు రెండు. సుత్తి బరువు. కుడి అరచేతిలో బొబ్బలు నాలుగు, ఎడమ చేతిలో ఒకటి. మధ్యాహ్నం తిన్నది మొక్కజొన్న గంజి, ఎన్ని గరిటెలో కూడా ఉంది.

తమండా వేలు ఒక్కో వరుస మీదుగా పేజీ పైకి పాకి, మొదటి వరుస దగ్గర ఆగింది.

"పేరు," అని పైకే చదివింది తమండా, "రేపు అడగాలి."