ఆపకుండా ఉంటే చాలు

“నేను ఆ చట్టం పక్షమే,” అన్నాడు భుజంగరావు, టీవీ కట్టేసి.

ఉత్తరాది ఉక్కు పట్నంలో, సోనారి పేటలోని ఆ ఇంట్లో ఆదివారం పూట ఆయన టీవీ కట్టేయడమే ఒక వింత. వంటింట్లోంచి గరిటతో వచ్చిన కోడలు మనస్వి గుమ్మంలోనే ఆగిపోయింది. అప్పటిదాకా తెరమీద నలుగురు పెద్దమనుషులు ఒకరి మాట ఒకరు విననివ్వకుండా అరుచుకున్నారు. తగ్గని జబ్బుతో బాధపడే మనిషి ఇక చాలనుకుంటే, సాయం చేసి సాగనంపొచ్చా, కూడదా అని. ఏదో దేశంలో చట్టం కూడా చేశారట.

“ఏ చట్టం?” అంది ఆయన భార్య సత్యభామ, చిక్కుడుకాయలు తుంచుతూ.

“అదే. సాలనుకున్నోణ్ణి వాడి ఇష్టానికి వదిలీమని.”

సత్యభామ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

భుజంగరావుకి జబ్బున్న మాట నిజం. కిడ్నీలు. ఇది తగ్గేది కాదు, ముదరకుండా చూసుకోవడమేనని డాక్టరు దసరాలప్పుడే తేల్చేశాడు. ఆ రోజు నుంచీ డాక్టరు గీసిన గీత మనస్వి దాటలేదు, మామగారిని దాటనివ్వలేదు.

“ఏంటి నాన్నా ఈ మాటలు?” ఈశ్వర్ పేపరు మడిచాడు. గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీకి మేనేజరు. ఇంట్లో మాట్లాడినా మీటింగులో మాట్లాడినట్టే ఉంటుంది. “మన దేశంలో రోగి వైద్యం వద్దనొచ్చు, అంతవరకే. ఇంకొకరు చేతులారా ఇచ్చి పంపిస్తే నేరం.”

“వద్దనే అంటన్నాను. ఎవరు ఇంటన్నారు?”

“ఇప్పుడు ఎలా ఉంది మావయ్యా? బాధగా ఉందా?” అంది మనస్వి.

“ఏటని సెప్పను తల్లీ. పొద్దున్నోపాలి, మద్దేనం ఓపాలి, రాత్రోపాలి. కళ్ళు మూసుకుని ఓర్సుకుంటన్నాను. ఇదీ ఒక బతుకేనా?”

పూట పూటా ఆయన కళ్ళు మూసుకోవడం మనస్వి చూస్తూనే ఉంది. దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారనుకుంది.

గదిలోంచి మనవరాలు ఉజ్వల వచ్చింది. లా చదువుతోంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల.

“తాతయ్య కీ మర్జీ. ఇస్‌మే డిబేట్ క్యా హై?” అంది, ఆయన ఇష్టానికి వాదనెందుకన్నట్టు.

“నువ్వు లోపలికి పోవే,” అంది సత్యభామ.

“ఉండనీ. ఈ ఇంట్లో సదువు వంటబట్టింది దానికొక్కదానికే,” అన్నాడు భుజంగరావు.

వరండాలో పిల్లి ఏడ్చింది. దానికి ఇంకోటి వంత పాడింది. పొద్దుటినుంచీ స్కూటర్ చుట్టూ తిరుగుతూ అదే రాగం. సత్యభామ చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి నెట్టి లేచింది.

“పాడు పిల్లులు. ముందే ఎలా తెలిసిపోద్దో వీటికి,” అంటూ చీపురు పట్టుకెళ్ళి తోలింది. అవి గేటుదాకా వెళ్ళి, ఆవిడ లోపలికి రాగానే మళ్ళీ వచ్చి కూర్చున్నాయి.

“పొద్దున్నే స్కూటర్ వేసుకుని ఎక్కడికెళ్ళారు?” అన్నాడు ఈశ్వర్, ఏదో తట్టినట్టు.

“పర్సుడీహ్. ముసలయ్యని సూసొచ్చాను. ఫర్నేసు కాడ కలిసి పనిచేసినోడు కదా, నా బాధ వాడికే తెలిసింది. భుజంగం, ఇంట్లోవోళ్ళని ఒప్పించుకుని సెయ్యి, దొంగసాటుగా మాత్రం వద్దు అన్నాడు.”

దొంగచాటు మాట చెవిన పడగానే మనస్వి మందుల డబ్బా తీసి అటక మీద పెట్టేసింది.

“దాని జోలికి నేను పోను తల్లీ,” అన్నాడాయన, చూడనట్టే చూసి.

“ఇంతకీ మేమేం చెయ్యాలంటారు?” ఈశ్వర్ గొంతులో మేనేజరు లేడు.

“నన్ను ఆపకుండా ఉంటే సాలు. ఆ పైన…” ఆయన కోడలి వైపు తిరిగాడు. “కాస్త సాయం. నా అంతట నాకు సేతకాదు. నువ్వే సెయ్యాలి మనస్వీ. మీ అత్త సేత్తే ఏడుత్తా సేత్తది, నాకు సుఖముండదు.”

మనస్వి చేతిలో గరిట జారి పడింది.

తర్వాత పెద్ద యుద్ధమే జరిగింది. ఈశ్వర్ చట్టం చెప్పాడు. ఉజ్వల హక్కులు చెప్పింది. సత్యభామ సింహాచలం మొక్కు గుర్తుచేసింది. అందరికీ భుజంగరావుది ఒకటే ప్రశ్న: “ఈ ఒళ్ళు ఎవరిది?”

“ఇంకో పదేళ్ళు ఇలా ఈడ్సే కంటే, ఒక్క పూట మనిషిలాగ…” ఆయన గుటక వేశాడు.

సత్యభామ చెంగుతో కళ్ళొత్తుకుంది. “ఇన్నేళ్ళూ మీ మాటే నెగ్గించుకున్నారు. ఇదీ నెగ్గించుకోండి.”

ఈశ్వర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సింది కళ్ళజోడుని కాదు. “మీకంత నరకంగా ఉంటే… మేం ఆపం నాన్నా.”

“నువ్వు?” అన్నాడాయన కోడలితో.

“ఒక్కసారి డాక్టరుగారిని అడిగి…”

“ఆయన్ని అడిగితే వద్దంటాడు.”

ముందు ఊ అంటే ఈ పూటకి ఆయన మనసు కుదుటపడుతుంది, తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంది మనస్వి. తలూపింది.

“మాటేనా?”

“మాటే మావయ్యా.” ఏడుపు ఆగలేదు ఆమెకి.

భుజంగరావు ఒకసారి అందరి మొహాలూ చూశాడు. పొద్దుటినుంచీ గుప్పెట్లోనే పెట్టుకున్న స్కూటర్ తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టాడు.

“డిక్కీలో ఉన్నాయి తల్లీ, ఆ పిల్లులు పీక్కుపోకముందే తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగీకుండా ఎర్రగా వేయించి పెట్టు, ఆ ఎండుచేపలు.”