తాత తల్లి పుట్టింటి పేరు

"నేనత్తమ్మా, భరత్‌ను. నీ తమ్ముని కొడుకును."

గడప అవతల నిలబడ్డ మనిషికి ముప్పై ఏళ్లుంటాయి. భుజాన నల్ల సంచి. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

సులోచన తలుపు రెక్క పట్టుకుని అతని ముఖంలోకి చూసింది. తమ్ముడూ మరదలూ పోయి ఏళ్లయింది. ఆమెకు మిగిలిన రక్తసంబంధమంటూ ఉన్నది ఆ మేనల్లుడొక్కడే. వాణ్ణి మూడేళ్ల వయసులో ఎత్తుకుంది; ఆ తర్వాత వాడు ఈ ఇంటికి రానేలేదు. పోయిన వారం ఫోన్ చేసి, వస్తున్నానన్నాడు.

"లోపలికి రా బిడ్డా," అంది.

సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సుల్లేవు. రైలురోకో అని ఆ రోజు రైళ్లూ ఆగిపోయాయి. ఉన్న పోలీసుల్లో సగం మందిని జనగామ వైపు పట్టాల మీదికి పంపారు. మానుకోట రైల్వే స్టేషన్ వెనక, ఆమె ఇల్లున్న సందులో మనిషి అలికిడి లేదు. చౌరస్తాలోని దీక్షా శిబిరం నుంచి డప్పుల చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది.

"భూపాలపల్లి నుంచి ఎట్లొచ్చినవు?"

"లారీలు పట్టుకొని, జర దూరం నడిచి. బొగ్గుబాయి పని బందయింది గద. ఖాళీగ కూసొని ఏం జెయ్యాలె? తాత సంగతి తేల్చుకుందామని వచ్చిన."

తాత అంటే సులోచన తండ్రి, ఆర్థర్ హోల్డెన్. ఇంగ్లండ్‌లో పుట్టి, నిజాం రైల్వేలో ఇంజన్ డ్రైవర్‌గా వచ్చి, గార్లకు చెందిన బుచ్చమ్మను చేసుకుని ఇక్కడి మట్టిలోనే కలిసిపోయినవాడు. ఆయన అక్కడ పుట్టినట్టు సర్టిఫికెట్ దొరికితే, మనవడికి ఆ దేశంలో ఉండి పని చేసుకోవడానికి వీసా ఇస్తారు.

"పుట్టినోళ్ల పేర్లన్నీ వాళ్లు కంప్యూటర్ల పెట్టిండ్రత్తమ్మా. కని మన తాత పేరుతోటి బోలెడు మంది ఉన్నరు. అండ్ల మనోడెవరో తేలాలంటె పుట్టిన ఊరు కావాలె, తాత తల్లి పుట్టింటి పేరు కావాలె. అది నీకొక్కదానికే తెలుసట గద."

"ఎవరు చెప్పిండ్రు?"

అతను తడబడ్డాడు. "నాయిన... నాయిన చెప్తుండె."

సులోచన తల ఊపింది. అంతలో పక్కింటి ఎల్లక్క కూరగిన్నెతో లోపలికి వచ్చింది. కొత్త మనిషిని చూసి ఆగింది.

"ఎల్లక్కా, మా భరత్ వచ్చిండు," అంది సులోచన.

ఎల్లక్క నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

"గట్ల చూస్తవేంది? పో, శిబిరం కాడ మనోళ్లందరికి చెప్పు. మా భరత్ ఇంటికొచ్చిండని చెప్పు."

ఎల్లక్క గిన్నెను అరుగు మీదే పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయింది.

"అందరికెందుకత్తమ్మా?" అన్నాడతను. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టాడు. "ఎండ గొడుతుంది."

ఇల్లు ఒక్కసారిగా చీకటైంది.

సులోచన కంచంలో అన్నం పెట్టింది.

"ఇంట్ల ఇంకెవరుంటరు?"

"నేనొక్కదాన్నే."

"తాత ముచ్చట్లు ఇంకెవరికన్న ఎరికేనా?"

"నేను పోతే ఎరికున్నోళ్లే లేరు."

అతను నవ్వాడు. సంచిలోంచి పెన్ను తీశాడు.

"క్రూ అని ఒక ఊరట. రైలింజన్లు తయారు జేస్తరట అక్కడ. ఆ ఊర్లనే పుట్టిండు," అని మొదలుపెట్టింది సులోచన. తండ్రి ఇంజన్ కూత పెడితే అమ్మ పొయ్యి ముట్టించడం, గార్ల దిక్కు నుంచి బండి వస్తుందంటే తానూ తమ్ముడూ గేటు దాకా ఉరకడం, జ్వరంలో ఆయన పిల్లలకు తెలియని భాషలో తల్లిని పిలవడం, అన్నీ చెప్పింది. నిదానంగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది. డప్పులు మోగుతూనే ఉన్నాయి.

"తల్లి పేరు?"

"ఎలిజబెత్."

"పుట్టింటి పేరు?"

"యాదికొస్తలేదు బిడ్డా. జర తిను. చెప్త."

అతను కంచం పక్కకు తోశాడు. "జల్ది చెప్పు," అన్నాడు. ఆ మాటలో ఇప్పుడు అత్తమ్మ అన్న పిలుపు లేదు. వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది. ఆ చేతి మీద గోళ్లతో రక్కిన గీతలు, ఎండి నల్లబడినవి, ఆమె కళ్లకు దగ్గరగా కనిపించాయి.

"చెప్తవా లేదా?"

డప్పులు ఆగిపోయాయి.

సందులో అడుగుల చప్పుడు. ఒకరిదో ఇద్దరిదో కాదు. అందులో బూట్ల చప్పుడూ ఉంది. ఎవరో తలుపు మీద అరచేత్తో కొట్టారు.

అతను ఆమె చేయి వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. "ఎవరు వాళ్లు?"

"మనోళ్లే. నిన్ను చూడనీకె వచ్చినరు," అంది సులోచన. మెల్లగా నడిచి వెళ్లి గడియ తీసింది.

మొన్ననే ఎల్లక్కను తోడు తీసుకుని పోలీసు జీపులో భూపాలపల్లి దవాఖానకు వెళ్లినప్పుడు, చిన్ననాడు వేడి పాలు పడి వీపు మీద కాలిన మచ్చ చూసి సులోచన గుర్తుపట్టిన శవం భరత్‌ది.